మూడో రోజు జ్వరానికి విడాల్ చీటీ ఏం చెబుతుంది?

సార్వా ఊడ్పులు మొదలైన కొద్ది వారాలకే కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం చుట్టుపక్కలా జ్వరాలు ఎక్కువవుతాయి. వాటి వెంటే, టైఫాయిడ్ కోసం చేసే విడాల్ రక్తపరీక్ష చీటీలు ఒకే మూసలో ల్యాబుల నుంచి బయటికొస్తాయి: ‘విడాల్ ఓ 1:160, హెచ్ 1:160, పాజిటివ్’. జ్వరం వచ్చి రెండు రోజులే అయ్యుంటుంది. చీటీ చేతికి రాగానే ‘టైఫాయిడ్ అంటండి’ అని ఇంట్లో ఖాయం చేసేస్తారు, సాయంత్రానికి సెలైన్, ఇంజెక్షన్లు మొదలైపోతాయి. ఆ అంకెలు దేన్ని కొలిచాయో, జ్వరం ఎన్నో రోజున కొలిచాయో చూస్తే, చాలాసార్లు ఆ మాటకు ఆధారమే కనబడదు.

డెల్టాలో పెద్దవాళ్లకు పరీక్ష వేళ సంగతి కొత్తేమీ కాదు. బోదకాలు సర్వేకి ఆరోగ్య సిబ్బంది రాత్రిపూటే వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకెళ్లేవారు. ఫైలేరియా పిల్ల పురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి పది నుంచి రెండు మధ్య ఎక్కువగా పై రక్తంలోకి వస్తాయి కాబట్టి పగలు తీసిన చుక్కలో సాధారణంగా దొరకవు. మిగతా జ్వరాల క్రిములకూ ఇలాంటి వేళలున్నాయి. వాటిని గంటల్లో కాక రోజుల్లో లెక్కపెట్టుకోవాలి. ఏ రోజున, ఏ నమూనా, యాంటీబయాటిక్ పడకముందా పడ్డాకా అన్నదే మైక్రోబయాలజీ ల్యాబుకు అసలు ప్రశ్న. పరీక్ష పేరు ఆ తర్వాతి సంగతి.

పలక మీద ఒక్క నిమిషం

ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ ఈ పరీక్షను 1896లో ప్రకటించాడు. ఇది టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమి పేరు సాల్మొనెల్లా టైఫీ. దాని ఒంటిమీది ‘ఓ’, తోకలమీది ‘హెచ్’ అనే గుర్తులను (యాంటిజెన్లు) పట్టుకోవడానికి మన ఒంట్లో పుట్టిన రక్షక ప్రొటీన్లను, అంటే యాంటీబాడీలను, వెతుకుతుంది. ఆ రెండింటితో పాటు పారాటైఫాయిడ్ కోసం ‘ఏహెచ్’, ‘బీహెచ్’ అని మరో రెండు సీసాలు కిట్టులో ఉంటాయి.

ఎక్కువ ల్యాబుల్లో చేసేది స్లైడ్ పద్ధతి. వృత్తాలున్న పలక మీద రోగి సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం) వరసగా 80, 40, 20, 10, 5 మైక్రోలీటర్లు వేసి, ఒక్కోదాని మీద రంగు కలిపిన యాంటిజెన్ ఒక్కో చుక్క వదులుతారు. పుల్లతో కలిపి, పలకను ఒక నిమిషం అటూ ఇటూ ఊపి చూస్తారు. గింజకట్టినట్టు కనబడిన ఆఖరి వృత్తాన్ని బట్టి టైటర్, అంటే యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె, రాస్తారు. 80 మైక్రోలీటర్ల దగ్గరే ఆగిపోతే 1:20, పదిదాకా వస్తే 1:160, అయిదుదాకా వస్తే 1:320.

ఇంత చిన్న పనిలో తప్పు జరగడానికి చోట్లు చాలానే ఉన్నాయి. నిమిషం దాటి చూస్తే చుక్క అంచులు ఆరి, అదే గింజల్లా కనబడుతుంది. మే నెల ఎండలో, ఫ్యాను కింద ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. యాంటిజెన్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, గది వేడికి రానివ్వకుండా వాడితే ఫలితం తేడా చేస్తుంది. గడ్డకట్టిన సీసా అయితే ఇక పనికిరాదు. ఫలితం ముందే తెలిసిన పాజిటివ్, నెగటివ్ నమూనాలను (కంట్రోళ్లు) ప్రతిసారీ పక్కన పెట్టి చూడాలి. అవి లేని ఫలితాన్ని నమ్మడానికి లేదు. ఒకే వృత్తంలో చూసి మిగతా అంకెలను అంచనాగా రాసిచ్చే అలవాటు మరీ ఘోరం. ట్యూబు పద్ధతి దీనికంటే నయం. సీరాన్ని ఉప్పునీటిలో వరసగా పలచన చేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, పొద్దున్న చూస్తారు. అరగంటలో రిపోర్టు కావాలనే చోట దానికి ఓపిక ఎవరికుంటుంది?

చేతి పని తప్పులేకుండా జరిగిందనే అనుకుందాం. అయినా అసలు చిక్కు అలాగే ఉంటుంది. యాంటీబాడీలు కొలవగలిగే స్థాయికి చేరడానికి జ్వరం మొదలయ్యాక వారం పది రోజులు పడుతుంది. రెండో రోజునే 1:160 వచ్చిందంటే అది చాలావరకు పాత లెక్క. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్, వేయించుకున్న కొన్నిరకాల టీకా, దగ్గరి చుట్టాలైన ఇతర సాల్మొనెల్లాలు, ఇవేవైనా ఆ అంకెను మిగిల్చి పోవచ్చు. మలేరియా, డెంగ్యూ లాంటి వేరే జ్వరాల్లో కూడా పాత యాంటీబాడీలు ఒక్కసారి లేస్తాయి. కాలువ నీళ్లే చెరువుకెక్కి, అక్కణ్ణుంచి కుళాయికి వచ్చే ఊళ్లలో ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొంత టైటర్ ఉండటం మామూలే. అందుకే ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించి హద్దు పెట్టుకోవాలంటారు. కిట్టు పెట్టెమీద అచ్చేసిన హద్దు మన ఊరిది కాదు.

దీనికి పుస్తకాల్లో ఉన్న మందు ఒకటే: పది నుంచి పద్నాలుగు రోజుల తేడాతో రెండు నమూనాలు తీసి, టైటర్ నాలుగు రెట్లు పెరిగిందేమో చూడటం. అప్పటికి రోగి లేచి పొలానికి వెళ్లిపోయుంటాడు. రెండో నమూనా ఇచ్చేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు. ఒక్క నమూనా విడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చడం మానేయాలన్నది నా కచ్చితమైన అభిప్రాయం.

పది ఎంఎల్ ఎందుకు

టైఫాయిడ్ క్రిమి నోటిగుండా వెళ్లి, చిన్నపేగు గోడ దాటి, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జల్లోని కణాల్లో చేరి పెరుగుతుంది. అక్కణ్ణుంచి రక్తంలోకి దిగినప్పుడే జ్వరం మొదలవుతుంది. కనక మొదటివారంలో వెతకాల్సింది రక్తంలోనే, ఆ రక్తాన్ని పోషక ద్రవమున్న సీసాలో పోసి క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్‌తో. రెండు, మూడు వారాల్లో అది మలంలో కనబడటం ఎక్కువవుతుంది.

రక్తంలో ఉంటుంది సరే, ఎంత? చాలామంది రోగుల్లో ఒక ఎంఎల్ రక్తానికి ఒక్క క్రిమి, అంతకంటే తక్కువ కూడా. అందులోనూ ఎక్కువ భాగం తెల్లరక్తకణాల లోపల దాక్కుని ఉంటాయి. ఇక్కడే పరిమాణం విలువ తెలుస్తుంది. రక్తకణాల లెక్కకు (సీబీపీ) తీసినట్టు రెండు ఎంఎల్ తీసి కల్చర్ సీసాలో పోస్తే, ఆ రెండు ఎంఎల్‌లో ఒక్క క్రిమీ పడకపోవచ్చు. రిపోర్టు ‘గ్రోత్ లేదు’ అని వస్తుంది, కల్చర్ పనికిమాలిందన్న పేరూ వస్తుంది. పెద్దవాళ్లకు ఒక్కో సీసాకు 8 నుంచి 10 ఎంఎల్ కావాలి, వీలైతే రెండు చేతుల నుంచి వేర్వేరుగా. పిల్లలకు బరువును బట్టి 1 నుంచి 3 ఎంఎల్, దానికి పిల్లల సీసాలు వేరే ఉంటాయి. రక్తం తక్కువైతే క్రిమి దొరకదు. మరీ ఎక్కువైతే ద్రవంతో నిష్పత్తి చెడి, రక్తంలోని సహజ నిరోధకాలు పెరుగుదలను ఆపుతాయి. సీసాలో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి అది తానే ఎక్కువ లాగేసుకుంటుంది. ముందే సీసా పక్కన పెన్నుతో గీత పెట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

రక్తం తీసే తీరు మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. సీసా ప్లాస్టిక్ మూత ఊడదీసి, రబ్బరును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. రబ్బరు మీద అయోడిన్ వాడకూడదు, అది రబ్బరును పాడుచేస్తుంది. నరం ముందే చూసుకుని, చర్మాన్ని ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో అర నిమిషం రుద్ది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. పోవిడోన్ అయోడిన్ అయితే నిమిషంన్నర, రెండు నిమిషాలు పడుతుంది. ఆరాక మళ్లీ వేలుపెట్టి నరం తడిమితే మొదటికొచ్చినట్టే. అలాంటి సీసాల్లో చర్మంమీది స్టెఫైలోకాకస్ పెరిగి, రోగికి అక్కర్లేని వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పడుతుంది. అందరి ట్యూబులకంటే ముందు కల్చర్ సీసానే నింపాలి. సెలైన్ పెట్టడానికి వేసిన పాత క్యాన్యులా నుంచి తీయకూడదు.

తీశాక దాన్ని ఐస్ డబ్బాలో పెట్టడం డెల్టాలో తరచూ జరిగే తప్పు. మిగతా నమూనాలన్నీ ఐస్ మీద వెళ్తాయి కదా అని దీన్నీ అందులో పడేస్తారు. రాజోలులోనో, ముమ్మిడివరంలోనో తీసిన సీసా కాకినాడకో, రాజమహేంద్రవరానికో చేరేసరికి చల్లబడి, కొన్ని క్రిములు పెరిగే శక్తి కోల్పోతాయి. కల్చర్ సీసా గది ఉష్ణోగ్రతలోనే ప్రయాణం చెయ్యాలి, రెండు నుంచి నాలుగు గంటల్లోపు మెషీన్‌లో పడితే మంచిది. లోపల ఎస్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, తెల్లకణాలు క్రిముల్ని తినెయ్యకుండా చూస్తుంది. మెషీన్ ప్రతి కొద్ది నిమిషాలకొకసారి సీసా అడుగున రంగు మార్పును బట్టి బొగ్గుపులుసు వాయువు పెరిగిందేమో చూస్తుంది. టైఫాయిడ్ అయితే ఎక్కువగా మూడు రోజుల్లోపే మోగుతుంది. అయిదు రోజులు మోగకపోతే నెగటివ్ అని రాస్తారు.

యాంటీబయాటిక్ మొదలయ్యాక తీస్తే దొరికే అవకాశం బాగా పడిపోతుంది. మందు కోసం ఎదురుచూస్తున్న రోగికి కల్చర్ వల్ల పట్టే ఆలస్యం పది నిమిషాలే. అప్పటికే మందు పడి ఉంటే, తరవాతి డోసుకు కాస్త ముందు తీయడం, యాంటీబయాటిక్‌ను పీల్చుకునే రెజిన్ ఉన్న సీసా వాడటం కొంత మేలు. అంతా సక్రమంగా చేసినా బ్లడ్ కల్చర్ టైఫాయిడ్ రోగుల్లో సుమారు సగం మందినే పట్టుకోగలదు, ఎముక మజ్జ కల్చర్ అయితే 80 శాతం పైనే. నెగటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ లేనట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయినా పాజిటివ్ వస్తే అది చెప్పేంత విషయం విడాల్ పదిసార్లు చేసినా రాదు.

ఏం చెబుతుందంటే: సీసా మోగగానే ఒక చుక్కకు గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు, గులాబీరంగు కడ్డీలు కనబడితే అప్పుడే వార్డుకు ఫోన్ వెళ్లాలి. క్రిముల్ని పెంచే మెకాంకీ అగార్ ప్లేటు మీద లాక్టోజ్‌ను పులియబెట్టని రంగులేని కాలనీలు వస్తాయి. క్రిమిని గుర్తుపట్టడానికి వాడే టీఎస్ఐ గొట్టంలో పైన ఎరుపు, అడుగున పసుపు, మధ్యలో సన్నటి నల్ల మరక, గ్యాసు బుడగలు ఉండవు. అది టైఫీ తీరు. పారాటైఫీ-ఏ అయితే గ్యాసు చేస్తుంది, నల్ల మరక ఉండదు. ఆ క్రిమికి సరిపోయే యాంటీసీరంతో గింజకట్టించి పేరు ఖాయం చేశాక యాంటీబయాటిక్ బిళ్లలతో పరీక్ష పెడతారు. మన దేశంలో దొరికే టైఫీలో ఎక్కువ భాగం సిప్రోఫ్లాక్ససిన్‌కు లొంగదు. ఇంకో మెలిక ఉంది. జెంటామైసిన్, అమికాసిన్ బిళ్లల చుట్టూ పెద్ద వలయం కనబడుతుంది, ప్లేటు మీద అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కణాల లోపల దాక్కున్న క్రిమి దగ్గరికి ఒంట్లో అవి చేరవు. అందుకే సాల్మొనెల్లాకు ఆ మందుల్ని ‘సెన్సిటివ్’ అని రిపోర్టు చేయకూడదన్న నియమం ఉంది. అలా రాసిన రిపోర్టు కనబడితే ఆ ల్యాబును నిలదీయవచ్చు.

సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగు నుంచి వారం రోజులు పడుతుంది. మూడో రోజున ‘తగ్గట్లేదండీ’ అని ఇంకో పెద్ద మందుకు మారిపోవడం వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు, మందులకు లొంగని క్రిములు పెరగడం తప్ప.

సీసాలో పెరగనివి

వరిచేలో దిగేవాళ్లకు వచ్చే రెండు ముఖ్యమైన జ్వరాలు ఈ సీసాకు అసలు చిక్కవు.

ఒకటి లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పందికొక్కుల మూత్రపిండాల్లో ఏ హానీ చేయకుండా బతికే స్పైరల్ క్రిమి, వాటి మూత్రంతో గట్టు మీద, మడి నీళ్లలో కలుస్తుంది. నానిన కాళ్ల పగుళ్లలోంచి, కంటి పొరల్లోంచి ఒంట్లోకి వస్తుంది. వారం రెండు వారాలకు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, పుసి లేని ఎర్రటి కళ్లు. ముదిరితే కామెర్లు, మూత్రం తగ్గిపోవడం. మొదటి వారం, పది రోజులు రక్తంలో ఉంటుంది, ఆ తర్వాత మూత్రంలోకి మారుతుంది. దాన్ని పెంచాలంటే ఈఎమ్‌జేహెచ్ అనే ప్రత్యేక ద్రవం, 28 నుంచి 30 డిగ్రీలు, వారాల తరబడి ఓపిక కావాలి. డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపులో చూసి తేల్చేస్తామనేవాళ్లతో జాగ్రత్త. రక్తంలోని ఫైబ్రిన్ పోగులు అచ్చం లెప్టోస్పైరాల్లాగే మెలికలు తిరుగుతూ కనబడతాయి. ఆచరణలో పనికొచ్చేవి మొదటి వారంలో క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్, అయిదారు రోజులు దాటాక మొదట పుట్టే యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలైజా. రోగి సీరాన్ని బతికున్న లెప్టోస్పైరాలతో కలిపి చూసే మాట్ పరీక్ష అన్నిటికంటే నమ్మకమైంది. బతికున్న క్రిముల్ని ల్యాబులో నిత్యం పెంచుతూ ఉండాలి కాబట్టి అది పెద్ద కేంద్రాల్లోనే సాధ్యం.

చిన్న ఊళ్లో డాక్టరు కూడా చూడగల ఆధారం ఒకటుంది. కామెర్లు బాగా ఉండి, బిలిరుబిన్ పైకెక్కి, కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీపీటీ మాత్రం వందల్లోనే ఆగి, పక్కనే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ప్లేట్‌లెట్లు తగ్గితే లెప్టో గుర్తుకు రావాలి. కాలేయ వైరస్‌లతో వచ్చే పచ్చకామెర్లలో ఎస్‌జీపీటీ తరచూ వేలల్లోకి వెళ్తుంది, క్రియాటినిన్ మామూలుగా కదలదు. పసరు పోయించడానికి తీసుకెళ్లే కామెర్లలో ఇదీ ఉండొచ్చు, అక్కడ పోయే రెండు రోజులే కిడ్నీలకు ముప్పు.

రెండోది స్క్రబ్ టైఫస్. పేరులో టైఫస్ ఉంది గానీ టైఫాయిడ్‌తో దీనికి చుట్టరికం లేదు. ఓరియెన్షియా సుత్సుగముషి అనే ఈ క్రిమి బతికున్న కణం లోపల తప్ప ఎక్కడా పెరగదు, సీసాలోని పులుసు దానికి పనికిరాదు. గట్ల మీద పొదల్లో, కొబ్బరితోటల గడ్డిలో ఉండే చిన్న మైట్ పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పొక్కు పడుతుంది, నొప్పి గానీ దురద గానీ ఉండదు కాబట్టి రోగికి తెలియదు. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, మొలతాడు కట్టేచోట, చెవి వెనక వెతకాలి. ఆడవాళ్లకు చీరకట్టు పరిచయమున్న నర్సు చేత చూపిస్తే దొరుకుతుంది. ఆ పొక్కు పెచ్చునే పీసీఆర్‌కు పంపవచ్చు. అది లేకపోతే అయిదారు రోజుల తర్వాత ఐజీఎం ఎలైజా. ఓఎక్స్‌కే అంకెతో వచ్చే వీల్-ఫెలిక్స్ పరీక్ష చౌక, చాలా కేసుల్ని వదిలేస్తుంది.

విడాల్‌కు మంచిపేరు ఎలా నిలబడిందో ఈ రెండు జబ్బుల మందులు చూస్తే అర్థమవుతుంది. లెప్టోతో వచ్చినవాడికి విడాల్ పాజిటివ్ చూసి సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చారనుకోండి, అది లెప్టోకూ పనిచేస్తుంది, తగ్గిపోతాడు. అజిత్రోమైసిన్ టైఫాయిడ్‌కూ, స్క్రబ్‌కూ, తేలికపాటి లెప్టోకూ పనిచేస్తుంది. వైరల్ జ్వరాలు ఏ మందూ లేకుండానే వారంలో దిగుతాయి. అందరూ ‘టైఫాయిడ్ తగ్గింది’ అనే అనుకుంటారు. లెక్క తప్పేది స్క్రబ్ టైఫస్ దగ్గర. సెఫ్ట్రియాక్సోన్‌కు అది ఏమాత్రం లొంగదు. అయిదు రోజుల ఇంజెక్షన్ల తర్వాత ఆయాసంతో ఐసీయూకు చేరిన రోగికి డాక్సీసైక్లిన్ పడగానే చాలాసార్లు రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. తీవ్రమైన కేసుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే ఏదో ఒకటే ఇచ్చినదానికంటే మేలని మన దేశంలోని ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ట్రయల్ తేల్చింది.

డెంగ్యూ, మలేరియాల సంగతి తేలిక. డెంగ్యూకు మొదటి అయిదు రోజుల్లో వైరస్ ప్రొటీన్‌ను వెతికే ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. మన్యం వైపు వెళ్లివచ్చినవాళ్లకు మలేరియా స్మియర్ మరవకూడదు. మలేరియా ర్యాపిడ్ కిట్టు, మందు పడి జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తుంది, దాన్ని కొత్త మలేరియా అనుకోవద్దు.

షుగరు ఉన్న వరి రైతు

కల్చర్ సీసాలో పెరిగి కూడా చేజారే క్రిమి ఒకటుంది: బర్కోల్డేరియా సూడోమల్లై. మెలియాయిడోసిస్ జబ్బుకు కారణం. 1911లో రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్‌మోర్ దీన్ని గుర్తించాడు. తడి మట్టిలో, మడి నీళ్లలో ఉంటుంది. వానాకాలంలో షుగరు అదుపులో లేనివాళ్లకు, మద్యం ఎక్కువ తాగేవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే టీబీలా, కాలేయం, ప్లీహాల్లో చీముగడ్డల్లా కనబడుతుంది. టీబీ మందులు నెలల తరబడి మింగినా తగ్గని రోగుల్లో ఇది బయటపడటం కద్దు.

గ్రామ్ స్టెయిన్‌లో కడ్డీ రెండు కొసలే రంగెక్కి, మధ్య ఖాళీగా, పిన్నీసులా కనబడుతుంది. ప్లేటు మీద మొదటిరోజు చిన్న చుక్కలే. మూడోరోజుకు ఎండి ముడతలు పడిన కాలనీలు. క్రిమిలోని ఎంజైమును చూసే ఆక్సిడేజ్ పరీక్ష పాజిటివ్ వస్తుంది కాబట్టి తొందరపడితే ‘సూడోమోనాస్, బయటి కలుషితం’ అని రాసి పారేస్తారు. ఆటోమేటిక్ మెషీన్లు కూడా దీన్ని వేరే బర్కోల్డేరియాగా చూపించిన సందర్భాలున్నాయి. జెంటామైసిన్‌కూ, కోలిస్టిన్‌కూ లొంగక, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు మాత్రం లొంగే ఆక్సిడేజ్ పాజిటివ్ కడ్డీ కనబడితే ఆగాలి. ప్లేటు మూత తీసి వాసన చూసే పాత అలవాటును ఇక్కడ వదిలేయాలి, పని బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే జరగాలి. మందుల్లోనూ తేడా ఉంది. సెఫ్ట్రియాక్సోన్‌ను దీనికి నమ్ముకోకూడదు. కనీసం పది నుంచి పద్నాలుగు రోజులు సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ నరానికి, ఆ తర్వాత మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు. ‘తగ్గిపోయింది కదా’ అని నెలకే మానేస్తే తిరగబెడుతుంది.

ఇవన్నీ ల్యాబుకు తెలియాలంటే రిక్విజిషన్ చీటీ మీద పేరు, వయసు, ‘జ్వరం’ అన్న మాట చాలవు. జ్వరం ఎన్నో రోజు, ఆర్‌ఎంపీ దగ్గర గానీ మెడికల్ షాపులో గానీ ఏ యాంటీబయాటిక్ పడింది, ఆఖరి డోసు ఎప్పుడు, చేసే పని ఏమిటి, వరదనీళ్లలో తిరిగారా, నల్ల పొక్కు వెతికారా, షుగరు ఉందా అన్నవి రెండు వరసల్లో రాసి పంపితే, మైక్రోబయాలజిస్టు మొదటివారం నమూనాకు ఐజీఎం బదులు పీసీఆర్ పెట్టమంటాడు. ‘షుగరు, వరి రైతు, కాలేయంలో గడ్డ’ అని ఉంటే మామూలుగా 48 గంటలకు తీసేసే ప్లేట్లను మరో నాలుగైదు రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉంచుతాడు.